బెంగళూరు సాయంత్రాలు: మీ ఉత్తరాలు, అక్క జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో, నా దగ్గర చీర జాకెట్లు కుట్టించుకునే మగ నటుల గురించి ఓ పేరా రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. గేలు, లెస్బియన్లు, ట్రాన్స్‌జెండర్లు బెదురు లేకుండా వెళ్ళి కూర్చోగలిగే నాటకాలూ సినిమాలూ ప్రదర్శనలూ బెంగళూరులో ఎక్కడుంటాయి, బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళని రానిస్తారా అని. అందుకే ఈ నెల అత్తాకోడళ్ళ ఉత్తరాలు పక్కన పెట్టాను. కొత్తగా చదివేవాళ్ళకు నా పరిచయం: పుట్టింది హిందూపురం, ఉండేది మల్లేశ్వరం, పని నాటకాలకూ నాట్యాలకూ బట్టలు కుట్టడం. నేను చెప్పేదంతా వేదిక పక్కన సూదీదారం పట్టుకుని నిలబడి చూసినదే.

*

“అక్కా, నాకు 26 ఏళ్ళు. మాది ఆదోని దగ్గర పల్లె. నేను గే అని నాకు తెలుసు, ఇంకెవరికీ చెప్పలేదు. వచ్చే నెల ఒక ఉద్యోగ పరీక్ష రాయడానికి బెంగళూరు వస్తున్నాను. శని, ఆదివారాలు సాయంత్రం ఖాళీ. నాలాంటివాళ్ళు వెళ్ళే చోటు ఒక్కటైనా చూడాలని ఉంది. పబ్బులంటే భయం, డబ్బు కూడా లేదు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే నోరు పెగలదు. తెలిసినవాళ్ళెవరైనా చూస్తే ఏం చెప్పాలో అని ఇప్పటినుంచే టెన్షన్.”
– పేరు వద్దు, కర్నూలు జిల్లా

తమ్ముడూ, పబ్బుల సంగతి వదిలెయ్. వెళ్ళేవాళ్ళు వెళ్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ చప్పుడులో, ఆ ధరల్లో, మొదటిసారి ఒంటరిగా వెళ్ళినవాడు చేసేది ఒక గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడటమే.

బెంగళూరులో ‘ఇది గేల వీధి’ అని వేలు పెట్టి చూపించే వీధి లేదు. మామూలు హాళ్ళున్నాయి, వాటిలో కొన్ని సాయంత్రాలున్నాయి. నిన్న ఎవరి పాపదో అరంగేట్రం జరిగిన హాల్లోనే ఇవాళ ఇద్దరు మగపిల్లల ప్రేమకథ సినిమాగా ఆడుతుంది, రేపు అక్కడే ఎవరో ఫ్రెంచి పాటలు పాడతారు. నీకు ఇంతకన్నా వసతి ఏముంటుంది? గేటు లోపలికి పోయే మనిషిని చూసి వీడు ఎందుకు పోతున్నాడో చెప్పడం ఎవరి తరమూ కాదు. టికెట్ చూసేవాడు నువ్వెవరివని అడగడు, పక్క సీటాయన అంతకన్నా అడగడు. నా మాట విని ముందు ప్రేక్షకుడిగా వచ్చి కూర్చో. తక్కినవి తర్వాత.

ఈ సాయంత్రాలు ఎక్కువగా జరిగే చోట్లు చెబుతాను, రాసి పెట్టుకో. వసంతనగర్‌లో తిమ్మయ్య రోడ్డు మీద ఫ్రెంచివాళ్ళ అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. కంటోన్మెంట్ రైల్వే స్టేషన్ దిగితే దగ్గరే. ఇందిరానగర్‌లో సీఎంహెచ్ రోడ్డు మీద జర్మన్ల గ్యోతే ఇన్‌స్టిట్యూట్ ఉంది, మెట్రో కూడా ఆ రోడ్డు మీదే ఆగుతుంది. దొమ్మలూరులో బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్ ఉంది, అక్కడ చాలా కార్యక్రమాలకు డబ్బు తీసుకోరు, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్ళందరినీ కలిపి క్వీర్ అంటారు. బెంగళూరు క్వీర్ ఫిల్మ్ ఫెస్టివల్ అని ఒకటి 2008 ప్రాంతంలో మొదలైంది. ఇన్నేళ్ళలో దాని సినిమాలు ఎక్కువగా మొదటి రెండు చోట్లా ఆడాయి. ప్రవేశం ఉచితం. దేశదేశాల సినిమాలు, మనవాళ్ళు తీసిన చిన్న సినిమాలు, డాక్యుమెంటరీలు వేస్తారు, కింద ఇంగ్లీషులో మాటలు పడతాయి. చదివితే అర్థమవుతుందన్నావుగా, నీకు సరిపోతుంది. ఏ నెలలో జరుగుతుందన్నది ఏటా ఒకేలా ఉండదు కాబట్టి వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్ చూసి బయలుదేరు. హాళ్ళ పేజీలు కూడా చూడు. గురువారానికల్లా వారాంతం సంగతులు తేలిపోతాయి.

నువ్వు వచ్చే శనివారం ప్రత్యేకంగా ఏదీ లేకపోయినా ఖాళీగా ఉండకు. జేపీ నగర్ రెండో ఫేజులో రంగశంకర ఉంది. నటుడు శంకర్ నాగ్ జ్ఞాపకంగా అరుంధతి నాగ్ నిలబెట్టిన థియేటర్, 2004లో తెరిచారు. సోమవారం తప్ప దాదాపు రోజూ నాటకం ఉంటుంది. చాలా నాటకాలకు టికెట్ రెండు మూడు వందల్లో దొరుకుతుంది. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి జయప్రకాశ్ నగర్‌లో దిగు, అక్కణ్ణుంచి ఆటో. ఒక్క హెచ్చరిక. మూడో గంట కొట్టాక తలుపు మూసేస్తారు, మంత్రిగారొచ్చినా తీయరు. శనివారం సాయంత్రం బెంగళూరు ట్రాఫిక్ ఎలా ఉంటుందో నీకు తెలియదు కాబట్టి గంట ముందే చేరుకుని, అక్కడి క్యాంటీన్‌లో ఏదైనా తిని కూర్చో. ఆ క్యాంటీన్‌లో అర్ధగంట కూర్చుంటే చాలు, ఈ ఊళ్ళో ఎన్ని రకాల జంటలు చేతిలో చెయ్యి వేసుకుని కాఫీ తాగుతాయో కనిపిస్తుంది. ఎవరూ తల తిప్పి చూడరు. నీకు నాటకం కంటే అదే ఎక్కువ నచ్చవచ్చు. గే పాత్రలను నాటకంలోకి తెచ్చి, నవ్వులాటకు వాడకుండా మనుషులుగా నిలబెట్టిన రచయితల్లో మహేశ్ దత్తాని ఒకరు. ఆయన ఈ ఊళ్ళోనే పుట్టారు. ఇంగ్లీషు నాటకాలకు సాహిత్య అకాడమీ పురస్కారం మొదట వచ్చింది ఆయనకే, 1998లో.

ఆదివారం పరీక్ష అయ్యాక చర్చ్ స్ట్రీట్‌కు వెళ్ళు. బ్లాసమ్, బుక్‌వర్మ్ అని రెండు పెద్ద పుస్తకాల షాపులు, పాత పుస్తకాలు సగం ధరకే దొరుకుతాయి. వసంతనగర్ ఎడ్వర్డ్ రోడ్డులో చంపక అని ఇంకోటి ఉంది, అక్కడ స్త్రీలూ క్వీర్ రచయితలూ రాసినవి బాగా దొరుకుతాయి. కొనకపోయినా ఎంతసేపైనా తిరగేయవచ్చు. బయలుదేరేముందు తెలుగులో ఒకటి చదివి రా. రేవతి రాసిన ‘ఒక హిజ్రా ఆత్మకథ’. పి. సత్యవతిగారు తెనిగించారు, ఆ అనువాదానికే 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. తమిళనాడు పల్లె నుంచి బయలుదేరిన మనిషి బెంగళూరులో ఎలా బతికిందో, ఇలాంటివాళ్ళ హక్కుల కోసం పనిచేసే సంగమ సంస్థలో చేరి ఎలా నిలదొక్కుకుందో అందులో ఉంది. నీ కథ వేరు, ఆమె కథ వేరు. అయినా చదివాక ఈ ఊరు నీకు మరీ పరాయిగా అనిపించదు.

తెలిసినవాళ్ళు చూస్తే ఏం చెప్పాలన్నావు. “నాటకం చూడ్డానికొచ్చా” అని చెప్పు. అది నిజమే కదా. నిన్ను అక్కడ చూసినవాడు కూడా అక్కడికి వచ్చినవాడేనని మర్చిపోకు.

ఇంకో మాట, నువ్వు అడగకపోయినా. ఫోన్లలో పరిచయాల యాప్‌లుంటాయి. కొత్త ఊళ్ళో వాటిలో పలకరించినవాళ్ళ గదికి నేరుగా వెళ్ళకు. ముందు ఏ కాఫీ హోటల్లోనో పగటిపూట కలువు. మనిషిని గదికి రప్పించి, వీడియో తీసి, ఇంట్లో చెబుతామని డబ్బు గుంజే ముఠాలు పెద్ద ఊళ్ళన్నిటిలో ఉన్నాయి. అలా జరిగితే డబ్బు ఇవ్వకు. బెదిరించి డబ్బు లాగడం నేరం. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళు కలవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చేసింది. మాట్లాడే మనుషులు కావాలంటే ‘గుడ్ యాజ్ యూ’ అనే బృందం ఈ ఊళ్ళో 1994 నుంచి ఉంది. వాళ్ళు కలుసుకునేది గురువారాల్లో, నీకు ఈసారి కుదరదు. ఒక ఈమెయిల్ రాసి పెట్టుకో, ఇంకోసారి వచ్చినప్పుడు పనికొస్తుంది. తెలుగు మాట్లాడేవాళ్ళు ఉంటారా అని భయపడకు. ఈ ఊళ్ళో ఏ గుంపులో రాయి వేసినా ఇద్దరు తెలుగువాళ్ళకు తగులుతుంది.

*

“మేమిద్దరం గుంటూరు. కాలేజీ నుంచీ కలిసే ఉన్నాం. ఇంట్లో స్నేహితులమనే అనుకుంటారు. నవంబర్‌లో జరిగే ప్రైడ్ వాక్ చూడాలని ఉంది. ఫొటోలు పేపర్లో పడతాయేమో? ఇద్దరు ఆడవాళ్ళకు ఒక గది ఇస్తారా? ఏం వేసుకోవాలి?”
– ఇద్దరు పాఠకులు

అమ్మాయిలూ, తప్పకుండా రండి. ప్రైడ్ వాక్ అంటే గేలు, లెస్బియన్లు, ట్రాన్స్‌జెండర్లు, వాళ్ళవైపు నిలబడేవాళ్ళు కలిసి తలెత్తుకుని రోడ్డు మీద చేసే నడక. ఈ ఊళ్ళో మొదటి నడక 2008 జూన్ 29న జరిగింది. అదే రోజు ఢిల్లీ, కోల్‌కతాల్లోనూ నడిచారు. తర్వాత బెంగళూరువాళ్ళు దాన్ని నవంబర్ వైపు జరుపుకున్నారు. వానలు తగ్గి, చలి మొదలై, నడవడానికి హాయిగా ఉంటుంది. సాధారణంగా నవంబర్ నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం మొదలవుతుంది. దారి, తేదీ ఆ ఏడాది ప్రకటన చూసి ఖాయం చేసుకోండి. టికెట్ ఎటూ కొంటారు కాబట్టి ముందు వారం కూడా కలిపి ప్లాన్ చేసుకోగలరేమో చూడండి. క్వీర్ హబ్బ (హబ్బ అంటే కన్నడంలో పండగ) పేరుతో ఆ రోజుల్లో ఆటలు, చర్చలు, చిత్ర ప్రదర్శనలు, పాటల సాయంత్రాలు ఉంటాయి. నన్నడిగితే నడక కన్నా అవే బాగుంటాయి. నడకలో వేలమంది, హబ్బలో యాభై మంది, కూర్చుని మాట్లాడుకోవచ్చు.

నడక ఎలా ఉంటుందంటే, ముందు తమటెలు. మన తప్పెట్లే. వాటి దెబ్బకు కాళ్ళు వాటంతటవే ఆడతాయి. “బేకే బేకు, న్యాయ బేకు” అని, అంటే ‘కావాలి, న్యాయం కావాలి’ అని కన్నడంలో అరుస్తుంటారు, మీరూ అరవండి. ఐటీ ఆఫీసు పిల్లలు, సెక్స్ వర్కర్లు, హిజ్రాలు, పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న తండ్రులు, కుక్కపిల్లలు, అందరూ ఒకే రోడ్డు మీద. పట్టుచీరలో వచ్చినా పట్టించుకోరు, రెక్కలు కట్టుకుని వచ్చినా పట్టించుకోరు. మీకైతే నూలు చుడీదార్, పాత చెప్పులు చాలు. కొత్త చెప్పులు వద్దు, చివర జరిగే పాటలూ ఆటలూ చూడకుండా కాళ్ళు పట్టుకుని ఆటో ఎక్కేస్తారు.

ఫొటోల భయం న్యాయమైనదే. పేపర్లవాళ్ళు, చానళ్ళవాళ్ళు వస్తారు, వాళ్ళు రంగులు ఎక్కువున్న ముందు వరసనే తీస్తారు. మీరు మధ్యలో నడవండి. మొదటి ఏళ్ళలో చాలామంది ముఖానికి మాస్కులు వేసుకునే నడిచారు, ఇప్పుడూ వేసుకునేవాళ్ళున్నారు. ఎవరూ పిరికివాళ్ళనరు. మీరు మాత్రం అడగకుండా ఎవరి ఫొటో తీయకండి, తీసినా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి. మీకున్న భయమే పక్కవాళ్ళకూ ఉండవచ్చు.

గది సంగతి సులభం. ఇద్దరు ఆడవాళ్ళు ఒక గదిలో ఉండకూడదని ఏ చట్టమూ లేదు, చెరొక గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోతుంది. పెళ్ళికాని ఆడా మగా వెళ్తే వంద ప్రశ్నలు వేసే లాడ్జీవాడు మీ ఇద్దర్నీ చూసి అక్కచెల్లెళ్ళనుకుని మంచి గది ఇస్తాడు. లోకం గుడ్డితనం మనకు పనికొచ్చే సందర్భాలు తక్కువ, వచ్చినప్పుడు వాడుకోండి. గది పాత బస్టాండు పక్కన కాకుండా మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో చూసుకోండి. ఇంకో సంగతి, కర్ణాటకలో ఆడవాళ్ళకు బస్సు ఉచితమని విని ఎక్కేయకండి. 2023 జూన్‌లో మొదలైన ఆ శక్తి పథకం ఇక్కడ నివాసం ఉన్న ఆడవాళ్ళకూ ట్రాన్స్‌జెండర్లకూ మాత్రమే. గుంటూరు ఆధార్ చూపిస్తే కండక్టర్ నవ్వి టికెట్ కొడతాడు.

*

“అమ్మా, నేను విశ్రాంత తెలుగు పండితుణ్ణి. మా నాన్నగారు స్థానం నరసింహారావుగారి సత్యభామను చూసిన కథలు చెప్పేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారిని నేనే కళ్ళారా చూశాను. బెంగళూరులో ఉన్న మనవడు ‘తాతయ్యా, డ్రాగ్ షో చూపిస్తా రా’ అంటున్నాడు. మగవాడు ఆడవేషం కట్టడం మనకు కొత్తా? దానికి కొత్త పేరెందుకు? నా వయసువాడు వెళ్ళవచ్చా?”
– బాపట్ల

మాస్టారూ, మీ ఉత్తరం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఈ రెండు రకాలవాళ్ళకీ బట్టలు కుట్టేదాన్ని నేనే. తేడా నా టేపుకు బాగా తెలుసు.

కూచిపూడి భామాకలాపానికో, పద్యనాటకానికో ఆడవేషం కట్టే మగవారు వచ్చారనుకోండి, వాళ్ళు నన్ను అడిగేది దాచమని. భుజాల వెడల్పు కనపడకూడదు, కాబట్టి కుట్టు భుజం మీదినుంచి కాస్త లోపలికి జరుపుతాను. చెయ్యి మోచేతి దాకా తెస్తాను, కండ దాగుతుంది. లైనింగ్‌లోనే పల్చగా దూది పొర పెట్టి కుడతాను, విడిగా పెడితే నాట్యంలో జారుతుంది. చంక దగ్గర మామూలు జాకెట్టు కన్నా వదులు ఉండాలి, లేకపోతే చెయ్యెత్తి జడ చూపించే సమయానికి పటుక్కుమంటుంది. ఇంతా చేసి ఆయన కోరేది ఒక్కటే, చూసేవాడు లోపల మగవాడున్నాడని మర్చిపోవాలి. స్థానంవారికి 1956లో పద్మశ్రీ వచ్చింది ఆ మరుపు పుట్టించినందుకే కదా.

డ్రాగ్ ఆర్టిస్టు వచ్చి అడిగేది చూపించమని. భుజం పెద్దదా, ఇంకా పెద్దది చెయ్యక్కా, పఫ్ పెట్టు. చమ్కీ పది వరసలా, ఇరవై వెయ్యి. కొందరు గడ్డం తీయకుండానే లిప్‌స్టిక్ వేసుకుంటారు. పాట వెనక నుంచి వస్తుంటే పెదవులు కలిపి ఆడతారు, మధ్యలో ఆగి జనంతో హాస్యమాడతారు, రాజకీయం మీద ఒకటి విసురుతారు, అత్తగారి మీద ఒకటి. ఆడా మగా రెండూ ఒకే మనిషిలో ఒకేసారి కనిపించాలి, అందులోనే వాళ్ళ సరదా, వాళ్ళ పొగరు. ఈ ఊళ్ళో మాయమ్మగా పేరుపడ్డ అలెక్స్ మాథ్యూ చీరకట్టులోనే వేదికెక్కుతారు. ఆయన్ను చూస్తే మన పెద్దింటి పిన్నిగారెవరో మైకు పట్టుకున్నట్టుంటుంది. మీకు అలాంటి ప్రదర్శన అయితే పరాయిగా అనిపించదు. ఇంకొందరివి విదేశీ గౌన్లు, విదేశీ పాటలు. నాకు అవి అంతగా పట్టవు, కుట్టుకూలీ మాత్రం వాటికే ఎక్కువ వస్తుంది.

ఈ వృత్తిలో నాకున్న పెద్ద చిక్కు, వీళ్ళ దగ్గర ఆది జాకెట్టు ఉండదు. ఆడవాళ్ళు పాత జాకెట్టు ఒకటి తెచ్చి పడేసి పోతారు. వీళ్ళకు మొదటిసారి కదా, నిలబెట్టి కొలవాలి. కొందరు కొలిచేటప్పుడు వణుకుతారు. అలాంటప్పుడు నేను వాతావరణం గురించి మాట్లాడతాను.

ఒక్క జాగ్రత్త, మాస్టారూ. డ్రాగ్ చేసేవాళ్ళంతా గేలనుకోకండి, ట్రాన్స్‌జెండర్లనుకోకండి. డ్రాగ్ ఒక వేషం, షో అయ్యాక విగ్గు తీసి సంచిలో పెట్టుకుని ఇంటికి పోతారు. ట్రాన్స్ మహిళ వేషం కట్టలేదు, ఆవిడ ఆవిడే. ఈ రెంటినీ కలిపేసి మన సినిమాలు చాలాకాలం చవకబారు నవ్వులు పండించాయి. మీ తరం వాళ్ళు సత్యభామను చూసిన కళ్ళతో చూస్తే ఆ పొరపాటు జరగదు.

మీ వయసుకు ఇబ్బందేమీ లేదు. కానీ క్లబ్బుల్లో రాత్రి పది దాటాక మొదలవుతుంది, కూర్చోవడానికి కుర్చీ దొరకదు, చెవులు పోతాయి. ఫెస్టివల్ రోజుల్లో హాల్లో సాయంత్రం పెట్టే ప్రదర్శన చూపించమని మనవడికి చెప్పండి. ముందు వరసలో మాత్రం కూర్చోకండి. వాళ్ళు హాస్యమాడటానికి ఎంచుకునేది అక్కడున్నవాళ్ళనే, పంచె కట్టుకున్న పెద్దమనిషి కనిపిస్తే అసలు వదలరు. అదే మీకు సరదా అయితే నేరుగా వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చోండి!

*

“మా అమ్మాయి బెంగళూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. ‘అమ్మా, సినిమా ఫెస్టివల్‌కు నాతో రా’ అని పిలిచింది. నేను సరేనన్నాక, అవి క్వీర్ సినిమాలని చెప్పింది. తను నాకు ఏదో చెప్పాలనుకుంటోందా? వెళ్తే ఏం మాట్లాడాలి? ఆయనకు చెప్పాలా?”
– ఒక తల్లి, తిరుపతి

వదినా, వెళ్ళండి. మంచి చీర కట్టుకుని వెళ్ళండి, అమ్మాయికి నచ్చే పలహారం చేసుకుని వెళ్ళండి. ఏదో చెప్పాలనుకుంటోందా అని నన్నడిగితే నాకేం తెలుసు? స్నేహితురాలి కోసం కూడా అయి ఉండవచ్చు, ఊరికే సినిమా పిచ్చి కూడా కావచ్చు. సమాధానం మీ అమ్మాయి దగ్గర ఉంది, ఎప్పుడివ్వాలో తనకు తెలుసు. మీరు హాలు బయట మెట్ల మీద పట్టుకుని “ఏమే, నువ్వూ అంతేనా?” అని అడగకుండా ఉంటే చాలు.

సినిమాల్లో కొన్ని దృశ్యాలు కాస్త బాహాటంగా ఉంటాయి, ముందే మనసు సిద్ధం చేసుకోండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పవచ్చు, సినిమా బాగాలేదని చెప్పడానికీ మనుషులు బాగాలేదని చెప్పడానికీ మధ్య ఉన్న గీత దాటకండి. మీ ఊళ్ళో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతుంటే మీరే కుంకుమ పెట్టి దండం పెట్టి ఉంటారు. అది మొక్కు, ఇది జీవితం, రెండూ ఒకటని నేననను. కానీ ఆ వారం రోజులూ తిరుపతి వీధులకు ఉండే విశాల హృదయం మీకు తెలియనిది కాదు, దాన్ని కొంచెం హాల్లోకి తీసుకెళ్ళండి.

ఆయనకు సినిమాకు వెళ్తున్నానని చెప్పండి. అమ్మాయి ఏదైనా చెబితే, అది నాన్నకు చెప్పాల్సింది తనే. మీరు పోస్టుమాన్ ఉద్యోగం చేయకండి. ఒకవేళ చెప్పాక మీకు నిద్ర పట్టకపోతే, ఇలాంటి పిల్లల తల్లిదండ్రులే ‘స్వీకార్’ అని ఒక బృందంగా ఏర్పడ్డారు, వాళ్ళతో మాట్లాడండి. ఏడవాలనిపిస్తే వాళ్ళ దగ్గర ఏడవండి, పిల్ల ముందు వద్దు.

*

“అక్కా, నేను ట్రాన్స్ మహిళను, ఉరవకొండ. బళ్ళారి వైపు జోగమ్మల పాటలు వింటూ పెరిగాను. పని మీద బెంగళూరు వస్తుంటాను. ఒకసారి ఒక పెద్ద మాల్‌లో గార్డు నన్ను గేటు దగ్గరే ఆపేశాడు, సినిమా టికెట్ చేతిలో ఉంది. అప్పటినుంచి ఎక్కడికీ వెళ్ళబుద్ధి కావడం లేదు.”

చెల్లీ, ఆ గార్డు చేసింది చట్టవిరుద్ధం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. అందరూ వెళ్ళే చోటికి నిన్ను రావద్దనడం దాని ప్రకారం వివక్ష. ఈసారి అలా జరిగితే గార్డుతో వాదించకు, వాడికి ఎవరో చెప్పిందే చేస్తాడు. మేనేజర్‌ను పిలవమను, టికెట్టూ గార్డు బ్యాడ్జీ ఫొటో తీసుకో. ఇదంతా చెప్పడం సులభం, గేటు దగ్గర నలుగురూ చూస్తుండగా చేయడం ఎంత కష్టమో తెలుసు. అందుకే మొదట ఆ ఇబ్బంది తక్కువ ఉండే చోట్లకు వెళ్ళమంటాను. పైన తమ్ముడికి చెప్పిన హాళ్ళు నీకూ పనికొస్తాయి. క్వీర్ ఫెస్టివల్ రోజుల్లో అయితే గేటు దగ్గర నిలబడి స్వాగతం చెప్పే వాలంటీర్లలో నీలాంటివాళ్ళు కూడా ఉంటారు.

నువ్వు జోగమ్మల పాటలు విన్నావన్నావు కాబట్టి గర్వంగా చెబుతున్నాను. మీ పక్క జిల్లా మనిషి, ఎల్లమ్మకు అంకితమైన జోగతులు ఆడే జోగతి నృత్యంలో కళాకారిణి మంజమ్మ జోగతి కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ట్రాన్స్ మహిళ ఆవిడే. 2021లో పద్మశ్రీ తీసుకున్నారు. రాష్ట్రపతి ముందు నిలబడి చీర కొంగుతో దిష్టి తీసినట్టు చేసిన దృశ్యం టీవీలో చూసే ఉంటావు. బెంగళూరులో జానపద కార్యక్రమాల ప్రకటనల్లో జోగతి నృత్యం అని కనిపిస్తే వదలకు. ఎల్లమ్మ పాట ఏసీ హాల్లో వింటే ఎలా ఉంటుందో నువ్వే చెప్పాలి.

ఇంకొకటి, దానికి గేటూ లేదు గార్డూ లేడు. అరవాణి ఆర్ట్ ప్రాజెక్ట్ అని 2016లో ఇక్కడే మొదలైంది. ట్రాన్స్ మహిళలూ ఇతర స్త్రీలూ కలిసి గోడల మీద నిలువెత్తు బొమ్మలు వేస్తారు. ఎండకూ వానకూ గోడలు వెలిసిపోతాయి, కొత్తవి వస్తుంటాయి కాబట్టి ప్రస్తుతం ఏవి బాగున్నాయో వాళ్ళ పేజీలో చూసుకుని వెళ్ళు. 2024లో ఇటలీలోని వెనిస్ బినాలే అనే పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శనలో వీళ్ళు పెద్ద గోడ ఒకటి నింపి వచ్చారు. రంగులు వేయడం రానివాళ్ళనీ చేర్చుకుని నేర్పిస్తారని విన్నవాళ్ళు నా షాపుకే వచ్చి చిరునామా అడుగుతుంటారు. పని వెతుక్కుంటున్నావేమో నాకు తెలియదు, అడిగి చూడటంలో నష్టం లేదు.

ఎప్పుడైనా పగలు ఖాళీ ఉంటే, నాగరభావిలోని నేషనల్ లా స్కూల్లో క్వామ్రా అని ఒక భాండాగారం ఉంది. దేశంలో గే, ట్రాన్స్ ఉద్యమాల పాత వీడియోలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు అక్కడ దాచి పెడుతున్నారు. ముందుగా అనుమతి అడిగి వెళ్ళాలి. వినోదం కోసం వెళ్ళే చోటు కాదు గానీ, మీ జోగమ్మల పాటలు నీకెన్ని వచ్చో వాళ్ళకు చెప్పు. రికార్డు చేసుకోవాలని వాళ్ళే నీ చుట్టూ తిరగవచ్చు.

*

“మాకు బెంగళూరు దూరం, చెన్నై దగ్గర. అక్కడ ఇలాంటివేమీ లేవా?”
– నెల్లూరు

ఎందుకు లేవు, నెల్లూరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనం చెన్నైలోనే. అక్కడ ప్రైడ్ నడక 2009 నుంచి జూన్ నెలాఖరులో జరుగుతోంది. ‘ఓరినమ్’ అనే బృందం నడిపే సైటులో తమిళంలోనూ ఇంగ్లీషులోనూ కార్యక్రమాల వివరాలుంటాయి. ‘రీల్ డిజైర్స్’ అని వాళ్ళ క్వీర్ సినిమా పండగ కూడా ఉంది. నాటకాల విషయంలో అయితే చెన్నై ఒక మెట్టు పైనే. ట్రాన్స్ కళాకారులు తమ కథ తామే రాసుకుని ఆడటం అక్కడ బాగా సాగింది. ‘పన్మై’ అనే నాటక బృందాన్ని పెట్టినవాళ్ళలో లివింగ్ స్మైల్ విద్య ఒకరు. తమిళం అర్థం కాకపోయినా నెల్లూరువాళ్ళు కాబట్టి సగం పట్టేస్తారు. జూన్‌లో వెళ్తే గొడుగు, నీళ్ళ సీసా మర్చిపోకండి. చెన్నై ఎండ బెంగళూరువాళ్ళం మేము గంట కూడా భరించలేం. తిరుగు రైలుకు రిజర్వేషన్ ముందే చేయించుకోండి, ఆదివారం రాత్రి జనరల్ బోగీలో కాలు పెట్టే చోటుండదు.